దుబాయ్ పైన ఉంటుంది

"మీ బాపు ఏడున్నడురా?" అని ఎవరడిగినా వేలు పైకి చూపించేవాణ్ణి. మా కోరుట్ల వాళ్లకు అలవాటే గాని, బడికి కొత్తగా వచ్చిన సారు మాత్రం "అయ్యో" అని తల నిమిరి చాక్లెట్ ఇచ్చాడు. తప్పు నాది కాదు. బాపు దుబాయ్ విమానం ఎక్కాడన్నారు. ఎక్కాడనే చెప్పారు గాని, దిగాడని ఎవరూ చెప్పలేదు.

1990ల్లో మా వాడలో ఏ ఇంట చూసినా ఒకరు మస్కట్లోనో దుబాయ్‌లోనో ఉండేవారు. అందుకే నెత్తి మీద విమానం పోతే పిల్లలందరం వాకిట్లోకి ఉరికేవాళ్లం. "బాపూ, సైకిల్!" అని ఒకడు, "కాకా, వాచీ!" అని ఇంకొకడు. పైలట్‌కు ఏం వినపడిందో!

అప్పట్లో ఫోనంటే పైసల మంట. బాపు మాటలన్నీ క్యాసెట్‌లో నింపి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. అమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకొని వినేది. "పిలగాడు మంచిగ తింటుండా?" అని టేపురికార్డరు అడగ్గానే "తింటున్న బాపూ" అనేవాణ్ణి. బాపు పట్టించుకోకుండా వడ్ల సంగతికి పోయేవాడు. ఎండకు చెవులు పోయాయేమో అనుకున్నాను.

అంత మనిషి అంత చిన్న పెట్టెలో ఎట్లా పట్టాడన్న అనుమానం నాకూ వచ్చింది. దాన్ని తీర్చింది సిరిసిల్ల. అమ్మమ్మ వాళ్లది అక్కడే. ఆ ఊరి నేతకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడని మామ చెప్పాడు. సిరిసిల్ల అగ్గిపెట్టెల్లో చీరలుంటాయని నాకు అర్థమైంది. తెల్లారి అమ్మమ్మ పొయ్యి దగ్గరి కొత్త కట్ట విప్పి, పెట్టెలన్నీ బోర్లించాను. ముందు పుల్లలొచ్చాయి, తర్వాత అమ్మమ్మ వచ్చింది. వీపు మండినా లెక్క తేలింది. అంత పొడుగు చీర అగ్గిపెట్టెలో పట్టగా లేనిది, బాపు టేపురికార్డరులో పట్టడా?

పట్టినవాడికి ఆకలి కూడా అవుతుంది. ఆ సంక్రాంతికి ఒక సకినం ముక్కలు చేసి, క్యాసెట్ పెట్టే మూత తెరిచి లోపల వేశాను.

తర్వాతి క్యాసెట్‌లో బాపు గొంతు మా బాపమ్మ గొంతులా సాగి, కుయ్యిమని ఆగిపోయింది. అమ్మ మూత తీస్తే రీలు పేగుల్లా బయటికొచ్చింది, దాని వెంట నువ్వులు.

"ఏందిరా ఇది?"

"బాపు తినలే."

అమ్మ కొట్టలేదు. చాట పక్కన పెట్టి, పెన్సిల్ దూర్చి రీలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఆఖరికి బాపు వస్తున్న రోజు రానే వచ్చింది. పొద్దుటి నుంచి వాకిట్లో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. ఇంతలో బొంబాయి బస్సు దిగి, తాడుతో బిగించిన అట్టపెట్టె భుజానేసుకొని ఒకాయన మా ఇంటికే వచ్చాడు.

"అగో, మీ బాపు" అంది బాపమ్మ.

"ఈయన బస్సుల వచ్చిండు. మా బాపు పైనుంచి వస్తడు" అని చెప్పి మళ్లీ తల పైకెత్తాను.