ఇత్తడి పర్వం

ముందుగా విఘ్నేశ్వరుడికి నమస్కారం. కావ్యారంభంలో అందరూ చేసేదే అయినా, ఈ కావ్యానికి ఆయన అవసరం మరికాస్త ఎక్కువ. ముప్పైమూడు కోట్ల దేవతల్లో ముఖానికే బాకా ఉన్నవాడు ఆయనొక్కడే. సరస్వతి వీణ పట్టుకుంటుంది, కృష్ణుడు వేణువు పట్టుకుంటాడు. యూఫోనియం ఎత్తుకోమంటే మాత్రం ఇద్దరూ వెనక్కి తగ్గుతారు. తొమ్మిదడుగుల ఇత్తడి గొట్టాన్ని మెలికలు తిప్పి చేసిన ఆ వాద్యాన్ని పొట్టకు ఆనించుకుని నడవాలంటే లంబోదరుడే దిగిరావాలి.

తరవాత కుకవి నింద. బ్యాండు చప్పుడు వినగానే "పెళ్ళెవరిది?" అనేవారికీ, తెల్లవారుజామున బాకా మోగితే కిటికీ రెక్కలు ధడేల్మని వేసుకునేవారికీ, "ఈ గోలతో టెన్త్‌లో మార్కులేం వస్తాయి" అని నిట్టూర్చేవారికీ ఈ కావ్యం చదివే అర్హత లేదు. చదివితే ఆపే శక్తి కవికీ లేదు.

ఇక కథ. ఒక మండల కేంద్రానికి రెండు కిలోమీటర్ల అవతల, ఒకవైపు మొక్కజొన్న చేలూ ఇంకోవైపు విద్యుత్ సబ్‌స్టేషనూ కావలి కాయగా, ఒక బాలికల గురుకులం వర్ధిల్లుతోంది. వసిష్ఠుడి గురుకులంలో కామధేనువు ఉండేదట. ఇక్కడున్నది బోరు మోటారు, అదీ కరెంటు ఉన్నంతసేపే కామధేనువు. అక్కడి శిష్యులు సమిధలు ఏరుకొచ్చేవారు, ఇక్కడి శిష్యురాళ్ళు ట్రంకుపెట్టె తాళంచెవులు వెతుక్కుంటారు. మిగతాదంతా సమానమే: తెల్లవారకముందే లేవాలి, గురువు మాట దాటకూడదు, పెట్టింది తినాలి.

అట్టి గురుకులానికి ఒకనాడు ఒక సర్క్యులర్ దిగివచ్చెను. రిపబ్లిక్ డే వేడుకల్లో భాగంగా రక్షణ శాఖా విద్యా శాఖా కలిసి జరిపే జాతీయ పాఠశాలల బ్యాండు పోటీ! బాలుర బ్రాస్ బ్యాండు, బాలికల బ్రాస్ బ్యాండు, బాలుర పైప్ బ్యాండు, బాలికల పైప్ బ్యాండు అని నాలుగు విభాగాలు, చతురంగ బలాల్లాగే. ముందు రాష్ట్రాన్ని గెలవాలి. ఆపైన తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని నాలుగు జోన్లు. ధర్మరాజు రాజసూయానికి ముందు నలుగురు తమ్ముళ్ళనూ నాలుగు దిక్కులకు పంపితే దక్షిణం సహదేవుడి వంతుకొచ్చింది. మన గురుకులం వంతూ అదే. ఆ దిక్కు జయిస్తే ఢిల్లీ. హెచ్చెమ్ మేడమ్ సర్క్యులర్ మీద "పీఈటీకి" అని రాసి సంతకం పెట్టారు. యుద్ధాలు ఇలాగే మొదలవుతాయి.

ప్రబంధమన్నాక అష్టాదశ వర్ణనలు ఉండాలి. మధుపానం, వివాహం మొదలైన అయిదారింటిని వార్డెన్ మేడమ్ ముందే కొట్టేశారు. ఋతువర్ణన ఒక్క మాటలో అయిపోతుంది: డిసెంబరు. శైలవర్ణనకు దగ్గరలో ఉన్న గుట్టను క్వారీవాళ్ళు పట్టుకుపోయారు. కనుక ఉన్నవాటితో సరిపెట్టుకుందాం.

సేనావర్ణనము. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. మన సేనలో రథ గజ తురగాలు నిండుసున్న. కాల్బలం పాతికమందికి కాస్త పైన, అందులో ఇద్దరికి జలుబు. ఆయుధాగారం స్పోర్ట్స్ రూములో, చిరిగిన వాలీబాల్ నెట్టు వెనక ఉంది. ఈ ఆయుధాల పుట్టిల్లు మీరట్. అక్కడి జలీ కోఠీ వీధుల్లో ఇత్తడి రేకును గొట్టాలుగా వంచి దేశానికంతటికీ బాకాలు పంపుతారు. నాదిర్ అలీ కంపెనీ అయితే 1885 నుంచీ అదే పనిలో ఉంది. మీరట్ బ్యూగిలుకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన బందరు లడ్డూ, తిరుపతి లడ్డూ ఉన్న జాబితా అది.

కురుక్షేత్రంలో శంఖాలకు పేర్లున్నాయి: పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం, అనంతవిజయం, సుఘోషం, మణిపుష్పకం. ఇక్కడి ట్రంపెట్లకూ ఉన్నాయి: సొట్టది, కొత్తది, జిగురుది, రెండో వాల్వుది. "కొత్తది" వచ్చి నాలుగేళ్ళయింది. అయినా బిరుదు పోలేదు.

పెద్ద డ్రమ్ము ఎవరికివ్వాలన్నది రాజ్యభారం ఎవరికివ్వాలన్నంత ప్రశ్న. బలం చూడలేదు, లయజ్ఞానం చూడలేదు. తగిలించుకున్నాక పైనుంచి దారి ఎవరికి కనపడుతుందో వాళ్ళకిచ్చారు. అలా తొమ్మిదో తరగతి బి సెక్షన్లో చివరి బెంచీ ధీర పట్టాభిషిక్తురాలైంది. సైడ్ డ్రమ్ముల స్వభావం వేరు. అడుగున తీగలు బిగించి ఉంటాయి గనక ఎవరూ ముట్టుకోకపోయినా, పక్కన ట్రంపెట్ మోగితే చాలు, పక్కింటి తగువు విన్న అత్తగారిలా బుసబుసలాడతాయి. తాళాలు చూడ్డానికి సులువు, వాయించడానికి గండం. రెండు పళ్ళేలనూ సమంగా ఎదురెదురు కొడితే మధ్యన గాలి చిక్కుకుని "ఫుస్" అంటుంది. కాస్త వాలుగా, ఒక అంచు ముందు తగిలేలా కొడితేనే మెరుపూ ఉరుమూ ఒకేసారి పుడతాయి. తాళాల వీరనారి మూడు రోజులు "ఫుస్" మన్నది. నాలుగోనాడు తగిలింది. ఆ ధాటికి వంటశాల రేకుల మీదున్న పావురాలు దేశాంతరం పోయినవి.

ఈ సేనకు ద్రోణుడు ఒక రిటైరైన పోలీసు బ్యాండు మాస్టారు. ఇంద్రధనుస్సు తలకిందులైనట్టుండే మీసం. విల్లు లేదుగాని బెత్తం ఉంది, దాంతో ఎవరినీ కొట్టరు, ప్లాస్టిక్ కుర్చీని కొడతారు. నిమిషానికి 120 దెబ్బలు. క్విక్ మార్చ్ వేగం అదే. అడుగుకు అర సెకను, అడుగు పొడవు 30 అంగుళాలు. ఆ కుర్చీ పడ్డ బాధను విడిగా ఒక శతకంగా రాయవచ్చు.

సూర్యోదయవర్ణనము. పూర్వకవుల సూర్యుడు చీకటి ఏనుగును చీల్చుకుని సింహంలా వచ్చేవాడు. ఈ గురుకులం సూర్యుడు అయిదున్నర గంటల ట్రంపెట్ సాధన ముగిసేదాకా మొక్కజొన్న చేల వెనకే తచ్చాడుతున్నాడు. మొదటి వారం వినిపించినవి స్వరాలని చెప్పడానికి కవికి ధైర్యం చాలదు. బర్రెలు బదులు పలికాయని చెప్పగలడు.

మంత్రాంగవర్ణనము. ఏ పాట వాయించాలి? స్టాఫ్ రూములో సభ కొలువుదీరింది. పీఈటీ సారు "కదం కదం బఢాయే జా" అన్నారు, అది ఆజాద్ హింద్ ఫౌజు నడిచిన పాట, నడకకు పుట్టిందే. పిల్లలు ఒక సినిమా పాట పేరు చీటీ మీద రాసి పంపారు, అది చేతులు మారుతూ హెచ్చెమ్ దాకా పోయి చెత్తబుట్టలో వీరస్వర్గం అలంకరించింది. అప్పుడు తెలుగు మేడమ్ లేచారు. "గురజాడ వారి దేశభక్తి గీతం ఉండగా ఇంకోటి ఎందుకండీ?" 1910లో పుట్టిన పాట, తెలుగువాడికి దేశమంటే ఏమిటో చెప్పిన పాట. కాదనే గుండె ఎవరికుంది?

మరునాడు మైదానంలో తేలింది అసలు సంగతి. ఆ పాట ముత్యాలసరం. మూడూ నాలుగూ మాత్రల నడక, మొత్తం ఏడు. మాత్రకో అడుగు వేస్తే మొదటి ఆవృతం ఎడమకాలి మీద మొదలైతే రెండోది కుడికాలి మీద పడుతుంది, మూడోది మళ్ళీ ఎడమ. మనిషికి కాళ్ళు రెండే గనక, ఏడు వాటి మధ్య పంపకం కాదు. పాతికమంది వీరవనితలూ పాతిక దిక్కుల కాళ్ళెత్తారు. బెత్తం గాల్లో ఆగిపోయింది. "తల్లీ, మహాకవి పాటని తప్పు పట్టను. ఆయన నడిచిన నడక వేరు, మన పెరేడు నడక వేరు. ఇది నిలబడి వాయిద్దాం" అన్నారు మాస్టారు. ఛందస్సు మీద ఇంతకన్నా మర్యాదైన విమర్శ ఈ కవి వినలేదు. సంధి కుదిరింది: నడుస్తూ "కదం కదం", నిలబడి గురజాడ.

జలక్రీడావర్ణనము. ప్రబంధాల్లో రాజకన్యలు కొలనులో దిగుతారు. ఇక్కడ ప్రతి పావుగంటకూ ట్రంపెట్ల వరస మొత్తం ఆగి, గొట్టం వంపులో ఉన్న చిన్న మీట నొక్కి, ఫూ అని ఊది నీళ్ళు వదులుతుంది. చూసేవాళ్ళు "ఛీ, ఉమ్మి" అంటారు. శాస్త్రం ఒప్పుకోదు. అందులో ఎక్కువ భాగం ఊపిరిలోని ఆవిరే, చల్లటి ఇత్తడికి తగిలి నీరైంది. ఈ శాస్త్రం ఎంత చెప్పినా ముందు వరసలోని ఫ్లూటు పిల్లలు కాళ్ళు దూరం జరుపుకుంటూనే ఉన్నారు.

ఇక ప్రతి ఇతిహాసంలోనూ ఒక నమ్మకద్రోహం ఉంటుంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

పోటీ దగ్గరపడింది. ఆయుధపూజ చేద్దామని పిల్లలే నిశ్చయించుకున్నారు. వంటశాల నుంచి చింతపండు తెచ్చి ఇత్తడికి పట్టించి తోమారు. ట్రంపెట్లు పసిడి పళ్ళేలై మెరిశాయి, ఆ పూట చారులో పులుపు మాయమైంది. అంతటితో ఆగితే పర్వం సుఖాంతమే. కాని వాల్వులు కిర్రుమంటున్నాయి, వాల్వు ఆయిలు సీసా అయిపోయింది. బాలికల హాస్టల్లో మరి దేనికి కరువున్నా ఒక నూనెకు కరువుండదు. ఎనిమిదో తరగతి పిల్ల తన ట్రంకుపెట్టె తెరిచి, నీలం రంగు కొబ్బరినూనె డబ్బా తీసింది. "నేను పోస్తానక్కా!" మూడు వాల్వులకూ సమంగా అభిషేకం. నాలుగు ట్రంపెట్లకూ. ఆ సాయంత్రం వాల్వులు వెన్నమీద జారినట్టు జారాయి. పిల్ల రాత్రంతా మెచ్చుకోళ్ళ పరుపు మీద పడుకుంది.

కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు రాత్రి ఆ సంగతి మరచిపోలేదు.

అయిదున్నరకు వ్యూహం సిద్ధమైంది. మాస్టారు బెత్తమెత్తారు. పెద్ద డ్రమ్ము మేఘగర్జన చేసింది. ట్రంపెట్లు పెదవులకు చేరాయి, వేళ్ళు వాల్వుల మీద పడ్డాయి. వాల్వులు కదలవు. కర్ణుడికి అస్త్రం మరుపుకొచ్చిన క్షణం అటువంటిదే అయి ఉండాలి. ట్రంపెట్‌కున్న మూడు వాల్వుల బలమే బలం. నొక్కే తీరును బట్టి గాలి దారి ఏడు పొడవులుగా మారుతుంది, అప్పుడే అన్ని స్వరాలూ పలుకుతాయి. అవి బిగుసుకున్నాక అది మీటలు లేని బ్యూగిలుతో సమానం. ఊదిన పాట ఒకటి, వినిపించింది ఇంకొకటి. నలుగురూ నాలుగు చోట్ల బిగుసుకున్నారు గనక నాలుగు రకాలుగా వినిపించింది. మాస్టారు ఒక వాల్వు ఊడదీసి, వాసన చూసి, చాలాసేపు ఆకాశం వంక చూశారు. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో బాకాకి తలంటిన వాళ్ళని చూడలేదమ్మా" అన్నారు.

ఎనిమిదో తరగతి పిల్ల కళ్ళనుంచి గంగాయమునలు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, ఎందుకంటే డబ్బాలో మిగిలిన నూనె అందరూ రాసుకున్నారు. గోరువెచ్చటి నీళ్ళూ, సబ్బూ, పాత బనీను గుడ్డా తెచ్చి వాల్వులన్నీ విప్పి కడిగారు. ఏ వాల్వు ఏ గూటిదో కలిసిపోకుండా నోటుబుక్కు కాగితాల మీద వరసగా పేర్చారు. పీఈటీ సారు మోటారు సైకిలు మీద, సంజీవని కోసం వెళ్ళిన ఆంజనేయుడిలా, జిల్లా కేంద్రానికి పోయి పోలీసు బ్యాండు వాళ్ళనడిగి అసలైన వాల్వు ఆయిలు తెచ్చారు. పర్వతమంతా తేలేదు, అరసీసా.

తరవాతి రోజుల గురించి తొందరగా చెప్పుకోవచ్చు. వలయంగా తిరిగే వ్యూహం పెట్టారు, అభిమన్యుడి సంప్రదాయం ప్రకారం లోపలికి పోవడం ముందు వచ్చింది, బయటికి రావడం తరవాత నేర్చుకున్నారు. విశాలంగా నిలబడితే వెనకవాళ్ళ దెబ్బ ముందుకు ఆలస్యంగా వినిపిస్తుంది. ధ్వని 17 మీటర్లు పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది, అంటే అడుగులో పదో వంతు. "చెవిని నమ్మకండి, కర్రని చూడండి" అన్నది మాస్టారి ఉపదేశం. ఆ కర్ర డ్రమ్ మేజరు గద. అసలు గద ఇంకా రాలేదు గనక నేల తుడిచే మాప్ కర్రే తలపాగా చుట్టుకుని సైన్యాన్ని నడిపిస్తోంది. చలికి ఇత్తడి స్వరం దిగుతుంది, పది డిగ్రీలు తగ్గితే అర్ధస్వరంలో మూడో వంతు దాకా. ఢిల్లీ జనవరి తలుచుకుని మాస్టారు పిల్లల చేత చప్పుడు లేకుండా బాకాల్లోకి వెచ్చటి ఊపిరి ఊదిస్తున్నారు. ముందు రాష్ట్రం గెలవాలి కదా అని ఎవరో అంటే, "ఊపిరికి ఖర్చేముందమ్మా, ఊదండి" అన్నారు.

యుద్ధవర్ణన ఈ సంపుటిలో లేదు. పోటీ వచ్చే వారం.

ఫలశ్రుతి. ఈ ఇత్తడి పర్వాన్ని శ్రద్ధగా చదివినవారి డ్రమ్ము తోలు సడలదు, తాళం "ఫుస్" మనదు, ఎడమకాలు కుడికాలిని తొక్కదు. అయితే ఫలం పూర్తిగా దక్కడానికి ఒక చిన్న దానం చేయాలి. మీ ఊళ్ళోనూ ఏదో ఒక సర్కారు బడిలో, స్పోర్ట్స్ రూము మూల, తోలు చిరిగిన సైడ్ డ్రమ్ము ఒకటి పడి ఉంటుంది. హెడ్మాస్టరు గారిని అడిగి కొత్త తోలు వేయించండి, ట్రంపెట్లుంటే వాల్వు ఆయిలు సీసా ఒకటి కొనిపెట్టండి. కొబ్బరినూనె మాత్రం పట్టుకెళ్ళకండి.