పల్సానా పద్యానికి టీక

అవతారిక: డిసెంబరు రాగానే అమెరికా తెలుగు ఇళ్లలో ఒక ధర్మసందేహం పుడుతుంది. పక్కింటివాళ్లకు ‘మెర్రీ క్రిస్మస్’ అనాలా, ‘హ్యాపీ హాలిడేస్’ అనాలా? మొదటిది మతమట, రెండోది లౌకికమట. ఈ తగవు మీద 2005లో జాన్ గిబ్సన్ అనే టీవీ వ్యాఖ్యాత ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ సందేహమే వాట్సాప్ మీదుగా సూరత్ జిల్లాలోని రంగుల మిల్లుల ఊరు పల్సానాకు చేరితే ఏమవుతుందో ఊహించి కట్టిన ఆటవెలది ఇది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కనుక పొగడ్తకు లోటుండదు.

సాలు మారెననుచు సాల్ముబారకులంది
క్రిస్మసొచ్చెననగఁ గృష్ణ యనుచు
గాలిపటములెగరఁ గైపోచె యని యార్చు
పల్సనాపురమున బ్రతుకు తెలుగు

ప్రతిపదార్థం: సాలు మారెను + అనుచు = సంవత్సరం మారిందంటూ (నాగటిసాలు అని అర్థం చెప్పేవారున్నారు; మిల్లులో నాగలి లేదు కనుక త్యాజ్యం); సాల్ముబారకులు + అంది = సాల్ ముబారక్‌లు పుచ్చుకొని; క్రిస్మసొచ్చెన్ + అనగన్ = క్రిస్మస్ వచ్చిందనగా (ఈ ‘ఒచ్చె’ గణాల కరువు వల్ల వచ్చింది); కృష్ణ + అనుచు = ‘జై శ్రీకృష్ణ’ అని పలకరిస్తూ; గాలిపటములు + ఎగరన్ = సంక్రాంతికి పటాలెగురుతుంటే; కైపోచె + అని = ‘తెగ్గొట్టా’నని; ఆర్చున్ = కేకవేస్తాడు; పల్సనాపురమున = పల్సానాలో (దీర్ఘం ఛందస్సుకు బలి); బ్రతుకు తెలుగు = బతికే తెలుగువాడు.

తాత్పర్యం: ఊరివాళ్లు ఏమంటే అతడూ అదే అంటాడు.

వ్యాఖ్య: గుజరాత్‌లో సాలు మారేది దీపావళి దాటాక, కార్తీక శుద్ధ పాడ్యమినాడు. ఆ పొద్దున గుడికెళ్లి దండం పెట్టుకొచ్చిన హిందువూ, దేరాసర్ (జైనుల గుడి) నుంచి వచ్చిన జైనుడూ ఎదురుపడి చెప్పుకునే మాట ‘సాల్ ముబారక్’. పక్కనున్న నవ్‌సారీ పార్సీలు ఆగస్టులో వచ్చే తమ కొత్త సంవత్సరానికీ అదే మాట వాడతారు. మాట పుట్టింది పారసీక, అరబ్బీ భాషల్లో. పండుగ విక్రమ శకానిది. పుచ్చుకునేవాడు ఉగాదిదాకా తన ఏడాది మారని తెలంగాణ పద్మశాలి. ఇందులో మతమెంత, లౌకికమెంత అని తూచబోయిన తార్కికుడికి జ్వరం ఖాయం.

శంక: క్రిస్మస్ నాడు కృష్ణుడేమిటి?

సమాధానం: అక్కడ ‘జై శ్రీకృష్ణ’ ఏడాది పొడవునా ‘బాగున్నారా’ చేసే పనే చేస్తుంది. జైన వ్యాపారి ‘జై జినేంద్ర’ అంటాడు, మార్వాడీ సేఠ్ ‘రామ్ రామ్’ అంటాడు, గంజాం నుంచి వచ్చిన మగ్గం పనివాడు ‘జై జగన్నాథ్’ అంటాడు. విన్నవాడు దాన్ని సిద్ధాంతంగా తీసుకోడు, తిరిగి ఒక నమస్కారం పెడతాడు. అదే మాటను అనితీరాలని ఎవరైనా ఎదురు నిలబడి అడిగితే మాత్రం అది పలకరింపు కాదు, పరీక్ష. దానికి ఈ టీక వర్తించదు.

అయితే కవి తొందరపడ్డాడని చెప్పక తప్పదు. తాపీ, డాంగ్ జిల్లాల్లో ఆదివాసీ క్రైస్తవులున్నారు. తాపీలోని వ్యారా నుంచి వచ్చినవాడు పక్క యంత్రం మీద ఉంటే, డిసెంబరు 25న అతనికి కృష్ణుడూ వద్దు, ‘హ్యాపీ హాలిడేస్’ కూడా వద్దు. ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని చేయి కలపాలి. రెండో పాదం ఈ మేరకు దోషభూయిష్టం.

శంక: పోనీ, అందరికీ కలిపి సెలవుల శుభాకాంక్షలు చెబితే?

సమాధానం: సెలవులుంటే కదా! గుజరాత్ బళ్లకు 21 రోజుల పెద్ద సెలవులు దీపావళికి. డిసెంబరులో క్రిస్మస్ పేరిట దొరికేది ఒక్కరోజు. తెలంగాణలో 26 కూడా సెలవే కానీ, సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడిలో చదివే పిల్లాడికి ఆ భాగ్యం లేదు. ఇక రోజుకూలీకి సెలవంటే ఆ రోజు కూలి పోవడం. అతనికి సెలవు శుభాకాంక్షలు చెప్పడం శాపనార్థాల కోవలోకి వస్తుంది. నోటీసు బోర్డు మీద, ముఖం తెలియని నూరుమందికి రాసేటప్పుడు లౌకికమైన మాట మర్యాదే. ముఖం తెలిసినవాడి దగ్గర అది తప్పించుకోవడం.

విశేషం: లౌకికమైన పలకరింపే కావాలంటే మూడో పాదంలో ఉంది. జనవరి 14న ఉత్తరాయణం, 15న వాసీ ఉత్తరాయణం. మనకు భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులైతే వాళ్లకు రెండు, రెండూ డాబా మీదే. సూరత్ మాంజాతో ఎవరి దారం తెగినా తెగ్గొట్టినవాడి కేక ఒక్కటే. ఆ కేకకు మతం లేదు. ఎదుటివాడి నష్టంలో సంతోషం మాత్రం నిండుగా ఉంది.

‘తెలుగు’ అన్న ఏకవచనం మీద చర్చ మిగిలింది. సూరత్ తెలుగువాళ్లు ఎక్కువగా లింబాయత్, ఉధనా వైపు కనిపిస్తారు; పల్సానాలో ఒక్కణ్నే చూసి కవి ఇలా అన్నాడా, జాతి మొత్తాన్ని ఉద్దేశించాడా? వ్యాఖ్యాత కవినే అడగ్గా, గణం సరిపోయిందన్నాడు.

ఫలశ్రుతి: దీన్ని పారాయణ చేస్తే బోనస్ పెరుగుతుందని ఎక్కడా లేదు. అది దీపావళికే ఇస్తారు.