ఏది తక్కువైతే అది

మా గుర్రంకొండకు విమానాశ్రయం లేదు గానీ, విమానం రద్దయితే పడే పాట్లు మాత్రం బాగా తెలుసు. రాయచోటి వైపు మాదిరే ఇక్కడా కువైట్ పోయినోళ్లు లేని వీధి అరుదు. అందుకే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారి నష్టపరిహార నిబంధనలను భక్తిశ్రద్ధలతో పారాయణం చేశాను.

ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల్లోపుకి 7,500, అది దాటితే 10,000 రూపాయలట. మనం పొంగిపోయేలోపే పక్కన ఇంకో ముక్క: లేదా టికెట్టు మూలఛార్జీ, ఇంధనఛార్జీ కలిపినంత. రెండింట్లో ఏది తక్కువైతే అది! చౌక టికెట్టు కొన్నవాడి ఏడుపు కూడా చౌకేనన్నమాట. యూరప్‌లో దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు చేతిలో పెడతారు, టికెట్టు ఎంతకు కొన్నావని అడగరు.

ఇక మినహాయింపులు. రాజకీయ అస్థిరత, అంతర్యుద్ధం, తిరుగుబాటు, వరద, పేలుడు, సమ్మె... ఇందులో ఏది వచ్చినా పైసా ఇవ్వక్కర్లేదు. హైదరలీ, టిప్పు, నిజాం, ఇంగ్లీషువాళ్లు కొట్లాడుకున్న మా గుర్రంకొండ కోట చరిత్రను ఎవరో ఎత్తి రాసినట్టుంది.

పైలట్లు చాలకపోవడం మాత్రం ఆ జాబితాలో లేదు. ఆ లోటు 2025 డిసెంబరులో ఇండిగో తీర్చింది. పైలట్లకు విశ్రాంతి పెంచాలి, రాత్రి ల్యాండింగులు తగ్గించాలి అన్న నిబంధనలు 2024 జనవరిలోనే ప్రకటించారు. రెండో విడత 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చేసరికి దేశంలోకెల్లా పెద్దదైన ఆ విమాన సంస్థకు పైలట్లు కరువయ్యారు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఆగిపోయాయి. విమానయాన శాఖ మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారిదే కాబట్టి, కనీసం తెలుగులో మొరపెట్టుకునే భాగ్యం మనకు దక్కింది. బాగా నలిగినవాళ్లకు సంస్థ 10,000 రూపాయల వోచర్లు ప్రకటించింది. ఏడాదిలోపు మళ్లీ వాళ్ల విమానమే ఎక్కాలి. కుళ్లిన టమోటాలు అంటగట్టిన మండీవాడు, ఇంకో బాక్సు కూడా నా దగ్గరే కొనుక్కో అని చీటీ రాసిచ్చినట్టు! 2026 జనవరిలో డీజీసీఏ 22.20 కోట్ల జరిమానా వేసింది. నేల మీద పడుకున్న ప్రయాణికుడికి ఆ వార్త చదువుకునే హక్కు ఉచితం.

మా వీధి అన్న ఒకాయన కథ వేరే. కువైట్ నుంచి సెలవుకొచ్చి ఆరు నెలలు కావస్తోంది, అది దాటితే అకామా, అంటే అక్కడుండే అనుమతి, పోతుంది. అట్టపెట్టెకు నైలాన్ తాడు బిగించి, స్కెచ్చుపెన్నుతో పేరు రాయించి, కారు మాట్లాడుకుని మదనపల్లె, చింతామణి మీదుగా తెల్లారేసరికి దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం చేరాడు. విమానం లేదు. కారు బాడుగకూ, పోయే జీతానికీ, అకామాకూ నిబంధనల్లో గడి లేదు. పరిహారమైనా అడుగుదామని కౌంటరుకు పోతే, "మెసేజ్ పంపినాం కదా" అన్నారు.

నిజమే, పంపారు. టికెట్టు తీసిన ఏజెంటు తన నంబరే ఇచ్చుకున్నాడు. సరైన నంబరు ఇవ్వనివాడికి పరిహారం లేదని కూడా నిబంధన ఉంది.

అన్న అక్కడి నుంచే ఏజెంటుకు ఫోన్ చేశాడు.

"నిన్న సాయంత్రమే వచ్చిందినా. ప్రయాణం పెట్టుకున్న మనిషికి అపశకునం మాట చెప్పేదెందుకులే అని గమ్మునున్నా."