దేనికి బిగిస్తావు అబ్బీ?

సామాన్యుడికి పొదుపు పండగొచ్చిందట. 350 సీసీ దాటని బండికి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగగానే, పాల క్యాన్లు మోసే 97 సీసీ స్ప్లెండరూ, 321 సీసీ యమహా ఎంటీ-03 ఒకే పంక్తిలో విస్తరేసుకుని కూర్చున్నాయి. 2023 డిసెంబరులో 4 లక్షల 60 వేలకు మార్కెట్లోకి దిగి, 2025 ఫిబ్రవరిలో లక్షా పదివేలు తగ్గిన బండి అది. అయినా సామాన్యుడిదే, కాదనకండి.

మా అనంతపురం కుర్రాళ్లకు దాని లెక్కలన్నీ నోటికొచ్చు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 10,750 ఆర్‌పీఎం దగ్గర 42 పీఎస్!

హార్స్‌పవర్ సంగతి మాకా చెప్పేది? ఇక్కడ ప్రతి రైతుకూ తన బోరు మోటారు ఐదో ఏడున్నరో తెలుసు. ఆ ఐదుతోనే చీనీ తోట బతుకుతుంది, కింద నీళ్లుంటే. 42 అంటే ట్రాక్టరు. మహీంద్రా 475 డీఐ దాదాపు అంతే. ట్రాక్టరు ఆ సత్తువంతా రెండువేల చుట్ల దగ్గరే తీసి చేను దున్నుతుంది. ఈ బండికి పదివేలు దాటాలి. సప్తగిరి సర్కిల్లో కుర్రాడు పదివేలు ఎలా దాటిస్తాడు? క్లచ్ నొక్కిపట్టి, నిలబడ్డచోటే అరిపిస్తాడు.

బెంగళూరులో కొని తెచ్చిన అలాంటి బండి చుట్టూ మా వీధి పెద్దాయన ఒకరు తిరిగి చూశాడు. "నలభై రెండు హెచ్‌పీనా! దేనికి బిగిస్తావు అబ్బీ?"

"నేనే ఎక్కుతా తాతా."

ఎక్కి పోయేది కరేపాకుకు. పోనీ 44వ నంబరు హైవే ఎక్కినా, నాలుగు వరసల రోడ్డు మీద బైకుకు చట్టం ఒప్పే వేగం గంటకు 80. స్ప్లెండరు కూడా మూలిగి మూలిగి అందుకుంటుంది.

'ది డార్క్ సైడ్ ఆఫ్ జపాన్' అని దీని ప్రచారం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన పల్లెలున్న జిల్లాకు చీకటి దిగుమతి! చీకటి జపాన్‌ది, బండి తయారయ్యేది ఇండోనేషియాలో, కంతులు మాత్రం మనవి.

ఎవరివి ఆ కంతులు? శెనక్కాయ ఎండితే కట్టేది కుర్రాడు కాదు, వాళ్ల నాయన. ఏడాదంతా కలిపి యాభై అయిదు సెంటీమీటర్ల వాన పడే నేల ఇది. ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకు అప్పడిగితే ఆ నాయన్ను పాసుపుస్తకంతో బ్యాంకు చుట్టూ నెలల తరబడి తిప్పుతారు. కొడుకు బండికి మాత్రం ఫైనాన్సు మనిషి షోరూములోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, సంతకం పెట్టడానికి పెన్నూ తనే ఇస్తాడు. సిగ్గుండాలి. దీన్ని పొదుపు పండగంటారా?

లిక్విడ్ కూలింగ్ ఉంది, మన ఎండలకు ఢోకా లేదని ఒకడి వాదన. చల్లబడేది ఇంజను నాయనా. ఆ వేడిగాలి తగిలేది నీ మోకాళ్లకు.

ట్యాంకు 14 లీటర్లని ఇంకొకడు మురిసిపోతున్నాడు. నింపించేది ఎవరో వాణ్నే అడగండి.