34 అంగుళాల అబద్ధం

నా నడుము 34 అంగుళాలు. ఇరవై ఏళ్లుగా ఇదే మాట, ప్యాంటు మీదా అదే అంకె. కాకపోతే ఆ ప్యాంటు నడుము దగ్గర ఆగడం మానేసి పొట్ట కిందకి జారి చాలాకాలమైంది. ఈ సంగతి నాకూ నా బెల్టుకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు మీకూ.

ఇంట్లో ఎవరైనా పొట్ట మాటెత్తితే నా దగ్గర సైన్సు సిద్ధం. "ఇది ఉత్త కొవ్వు కాదోయ్, హార్మోన్ల ఫ్యాక్టరీ! 1994లో శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టింది. 'ఇక చాలు' అని మెదడుకి చెప్పడం దాని పని. కొవ్వు పెరిగితే లెప్టినూ పెరుగుతుంది, కానీ మెదడు దాని మాట వినదు. నా తప్పేముంది?" అంటూ మూడో బొబ్బట్టు మీద నెయ్యి వేసుకునేవాణ్ణి.

"పాతికేళ్లుగా నేను చెబుతున్నదీ అదే, నా మాట మాత్రం విన్నారా?" అనేది మా ఆవిడ.

అది చాలక, ఎఫ్‌టీఓ జన్యువు గురించి చదివాను. అందులో ఒక మార్పు ఉంటే బరువు పెరిగే అవకాశం ఎక్కువట. డబ్బు కట్టి పరీక్ష చేయించుకున్నాను. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా వచ్చింది! పరీక్ష పాసైనంత సంబరపడి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఆ తర్వాత మా ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టారు. నర్సమ్మాయి టేపు తీయగానే పొట్ట వెన్నెముకకి అతుక్కునేలా ఊపిరి బిగబట్టాను. "ఊపిరి వదలండి అంకుల్" అంది. తలూపాను. వదల్లేదు. ఆమె ఆగింది, నేనూ ఆగాను, వెనక క్యూ ఆగింది, చెవుల్లో హోరు, కళ్లముందు చుక్కలు, ఎవడో "సార్ సమాధిలోకి వెళ్లారు" అన్నాడు, ఫక్కున నవ్వొచ్చింది, డ్యామ్ గేట్లు ఎత్తేసినట్టు పొట్ట మొత్తం టేపు మీద పడింది. "తొంభై ఎనిమిది!" అని ఆ అమ్మాయి ఊరందరికీ వినపడేలా చెప్పింది. మన మగవాళ్లకి హద్దు 90 సెంటీమీటర్లు.

రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు 210, మంచి కొలెస్ట్రాల్ 36. నడుము, బీపీ, షుగరు, ఈ రెండూ కలిపి ఐదింట్లో మూడు తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్. సరిగ్గా మూడే తప్పాను.

డాక్టరుగారి ముందు నా జన్యువు కాగితం పరిచాను. ఆయన చూసి, "2007లో ఐరోపావాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఈ మార్పు రెండు వైపులా ఉన్నవాళ్లు సగటున మూడు కిలోలే ఎక్కువ తూగారు. మీరు పద్దెనిమిది ఎక్కువున్నారు. మిగతా పదిహేను ఎవరివండీ?" అన్నారు. "లెప్టిన్ చదివారు సరే, అడిపోనెక్టిన్ చదవలేదా? ఇన్సులిన్‌కి సాయపడే ఆ హార్మోనూ కొవ్వులోంచే వస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది."

చదవలేదు. నన్ను నిర్దోషిగా వదిలేసే వాక్యం దొరగ్గానే పుస్తకం మూసేశాను. మీరు మాత్రం ఏం చేసుంటారు?

మా తాతదీ ఇదే రక్తం. కానీ నాగలి వెనక నడిచీ నడిచీ ఈనెపుల్లలా ఉండేవాడు. జన్యువు తెచ్చుకున్నాను గానీ, ఆ నడక తెచ్చుకోలేదు.

ఫ్రిజ్ మీద కాగితం తీసేశాను. అక్కడిప్పుడు టేపు వేలాడుతోంది. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, తీయండి. ఊపిరి మాత్రం వదిలాకే కొలవండి.