ఒట్టు విన్న రాయి: లియా ఫాల్ ఆత్మకథ

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు వాయవ్యంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, మీథ్ కౌంటీలో, టారా అనే పచ్చిక గుట్ట ఉంది. పెద్ద ఎత్తేమీ లేదు. కానీ ఎక్కి నిలబడితే చుట్టూ మైళ్ల కొద్దీ పొలాలు కనిపిస్తాయి. ఆ గుట్ట నెత్తిన ఒక మట్టికట్ట మీద నిలువుగా పాతిన రాయి పేరు లియా ఫాల్. నేలపైన కనిపించేది మీటరున్నర. ఈ కథ చెబుతున్నది ఆ రాయే. సాక్షి తాను చూసినదాన్ని ముందు పెట్టి, తాను వెనక నిలబడాలి. అందుకే ఇందులో ‘నేను’ అనే మాట వినపడదు, ‘ఈ రాయి’ అనే వినపడుతుంది.

ఈ రాయి సాక్ష్యం లుగ్ అనే దేవుడి గురించి. ఐర్లండ్ పురాణాల్లో అతడు సకల కళావల్లభుడు. ఆగస్టు ఒకటిన వచ్చే కోతల పండుగ లూనసా అతడి పేరు మీదే నడుస్తుంది. అతణ్ని ఒప్పందాల దేవుడిగా చూసే పండితులూ ఉన్నారు. ఒట్టుకూ కోతకూ ఒకే వేల్పు ఎలా అయ్యాడన్నదే ఈ రాయి చెప్పదలచుకున్న సంగతి.

దేవుడి కన్నా ముందు కొండ ఉంది. ఇక్కడి బందీల దిబ్బ 5,000 ఏళ్ల నాటి సమాధి. దాని నడవా నాలుగు మీటర్ల పొడవు. నవంబరు మొదట్లోనూ ఫిబ్రవరి మొదట్లోనూ పొద్దుపొడుపు వెలుగు నేరుగా ఆ నడవాలోకి పడుతుంది. చలికాలం మొదలయ్యే సావిన్ పండుగ, వసంతం మొదలయ్యే ఇంబోల్గ్ పండుగ ఆ రోజుల్లోనే వస్తాయి. 1950లలో షాన్ ఓ రీర్డాన్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. సామంత రాజులు మాట తప్పకుండా వారి మనుషులను టారా రాజు బందీలుగా ఉంచుకునేవాడు. దిబ్బకు ఆ పేరు అలా వచ్చింది. ఈ రాయి పూర్వం ఆ దిబ్బ పక్కనే ఉండేది.

ఈ రాయిని తెచ్చినవాళ్లు తూహా డే డానన్, అంటే డాను దేవత ప్రజలు. ఉత్తరాన ఉన్న నాలుగు నగరాల నుంచి వాళ్లు నాలుగు నిధులు తెచ్చారని కథ. గోరియస్ నుంచి లుగ్ ఈటె, ఫిన్డియస్ నుంచి నువాదా రాజు ఖడ్గం, మురియస్ నుంచి ఎందరికి వడ్డించినా తరగని డాగ్డా కడవ, ఫాలియస్ నుంచి ఈ రాయి. తగిన రాజు అడుగు మోపితే అరవడం దీని పని.

లుగ్ టారాకు వచ్చిన రోజు ద్వారపాలకుడు అడ్డుపడ్డాడు. పని చేతకానివాడికి లోపలికి ప్రవేశం లేదన్నాడు. వడ్రంగినన్నాడు లుగ్. మాకున్నాడన్నాడు కాపలావాడు. కమ్మరినన్నాడు. వాడూ ఉన్నాడు. వీణ వాయిస్తానన్నాడు, కవినన్నాడు, వైద్యుణ్నన్నాడు, మంత్రగాణ్నన్నాడు. అందరూ ఉన్నారు. చివరికి లుగ్ ఒకే ప్రశ్న వేశాడు: ఇవన్నీ ఒక్కడికే వచ్చినవాడు మీ రాజు దగ్గర ఉన్నాడా? తలుపు తెరుచుకుంది. నువాదా రాజు తన ఆసనం దిగి, 13 రోజులు అతణ్ని అక్కడ కూర్చోబెట్టాడు.

అంతకుముందు నువాదా యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నప్పుడు బ్రెస్ అనేవాడు గద్దెనెక్కాడు. తప్పు చేస్తే దిగిపోతానని ఏడుగురిని పూచీ పెట్టి మరీ ఎక్కాడు. ఆ తరవాత అతడి ఇంటికి వెళ్లినవాళ్ల కత్తులకు కొవ్వు అంటలేదు, నోటికి బీరు వాసన తగల్లేదు. కవిని ఎండు రొట్టెలతో చీకటి గదిలో పడుకోబెట్టాడు. ఆ కవి కైర్‌బ్రె చెప్పిన తిట్టు పద్యమే ఐర్లండ్‌లో మొదటిదంటారు. బ్రెస్ దిగాల్సి వచ్చింది. సముద్రపు ఫోమోరియన్ల సేనను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. మాగ్ టూరె మైదానంలో లుగ్ తన తాత బాలోర్ విషపు కంటిని వడిసెల రాయితో కొట్టి యుద్ధం ముగించాడు.

ఈ రాయికి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తరవాతిది. దొరికిపోయిన బ్రెస్ ప్రాణభిక్ష అడిగాడు. వదిలితే ఐర్లండ్ ఆవులు ఎప్పటికీ పాలు ఇస్తూనే ఉంటాయన్నాడు. ఒప్పుకోలేదు. ఏడాదికి నాలుగు పంటలు ఇప్పిస్తానన్నాడు. నాలుగు పంటలు! ఏ రైతుకైనా నోరూరే మాట. లుగ్ తన వాళ్ల న్యాయకోవిదుణ్ని అడిగాడు. వద్దన్నాడాయన. వసంతం దున్ని విత్తడానికి, ఎండాకాలం మొదలు గింజ బలపడడానికి, శరత్తు మొదలు పండి కోయడానికి, చలికాలం తినడానికి. ఈ వరస మాకు సరిపోతుందన్నాడు. చివరకు దున్నడం, విత్తడం, కోయడం ఏ రోజు చేయాలో చెప్పమన్నారు. మంగళవారం అన్నాడు బ్రెస్. ఆ ఒక్క కబురుకు ప్రాణం దక్కించుకున్నాడు.

ఋతువు అంటే భూమి ఇచ్చిన మాట అని ఆ దేవతలకు తెలుసు. నాలుగు పంటలకు ఆశపడితే భూమి చేత మాట తప్పించినట్టే. ఈ కథ మొత్తం ఉన్న రాతప్రతి ఇప్పుడు ప్రపంచంలో ఒక్కటే ఉంది. 16వ శతాబ్దానికి చెందిన ఆ ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

భూమి మాట మీద నిలబడితే రాజు కూడా నిలబడాలి. ఏడో శతాబ్దపు రాజనీతి గ్రంథం ‘ఔడాఖ్ట్ మోరన్’ చెప్పేది అదే. రాజు సత్యం వల్ల వాన వేళకు కురుస్తుంది, గింజ నిండుతుంది, ఆవు చేపుతుంది. నెలకు మూడు వానలు కురిసిన ధర్మరాజ్యం గురించి విని పెరిగిన తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. లైన్‌స్టర్ ప్రాంతంవాళ్లు కార్మన్ అనే చోట మూడేళ్లకోసారి లూనసా జాతర జరిపేవారు. జరిపితే ధాన్యం, పాలు, చేపలు సమృద్ధి. మానితే అకాలంలో జుట్టు నెరవడం, అనుభవం లేని పసి రాజులు. జాతర కూడా ఒక ఒప్పందమే.

ఈ రాయి నోరు విప్పిన రోజు ఒకటి ఉంది. వంద యుద్ధాల కాన్ అనే రాజు రోజూ తెల్లవారకముందే టారా కట్టల మీదకు వచ్చి, మాయాలోకంవాళ్లు దాడి చేస్తారేమోనని కాపలా చూసేవాడు. ఒకనాడు అతడి కాలు ఈ రాయి మీద పడింది. రాయి అరిచింది. టారా అంతా, చుట్టుపక్కల బ్రెగా మైదానమంతా వినపడింది. ఆ అరుపు అర్థం చెప్పడానికి కాన్ వెంట ఉన్న కవి 53 రోజులు గడువు అడిగాడు. ఎన్నిసార్లు అరిచిందో అంతమంది కాన్ వంశం రాజులవుతారన్నాడు. అప్పుడే మంచు కమ్మింది. ఒక గుర్రపు రౌతు వాళ్లను బంగారు చెట్టున్న ఇంటికి తీసుకెళ్లాడు. లోపల సింహాసనం మీద లుగ్. పక్కన బంగారు కిరీటం పెట్టుకున్న యువతి, ఆమే ఐర్లండ్ రాజ్యలక్ష్మి. ఈ పాత్రలోని ఎర్రటి బీరు ఎవరికి ఇవ్వాలని ఆమె అడుగుతూ ఉంటే, లుగ్ కాన్‌తో మొదలుపెట్టి రాబోయే రాజుల పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ పోయాడు.

ఈ రాయికి తగిలిన మొదటి దెబ్బ లుగ్ కొడుకు చేతిదే. కూ హులిన్ తాను పెంచిన లుయీని దీని మీద నిలబెట్టాడు. రాయి అరవలేదు. కోపంతో కత్తి దూసి దీన్ని కొట్టాడు. అప్పుడు దీని గుండె ఎగిరి టెల్‌టౌన్‌లో పడిందని పురాణం.

గుండె పడిన ఆ చోటుతోనూ లుగ్‌కు బంధం ఉంది. టారాకు వాయవ్యంగా, బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఉన్న టెల్‌టౌన్ అతణ్ని పెంచిన తల్లి టాల్‌టూ పేరున వెలిసింది. అడవి నరికి దున్నదగిన నేల చేసి, ఆ శ్రమతోనే ఆమె చనిపోయింది. ఆమె పేరున లుగ్ ఏటా లూనసా ఆటలు పెట్టాడు. గుర్రప్పందేలు, పాటలు, బేరాలు, తీర్పులు. జాతర సాగినన్నాళ్లూ కొట్లాట నిషిద్ధం. 873లో సరైన కారణం లేకుండా జాతర ఆగిపోతే, పూర్వం ఎన్నడూ ఇలా వినలేదని చరిత్రకారులు రాసుకున్నారు. 1168లో ఘనంగా జరిగింది, ఆ తరవాత క్షీణించింది.

టెల్‌టౌన్ పెళ్లిళ్ల సంగతి 1836లో సర్వే కోసం తిరుగుతున్న జాన్ ఓడోనవన్ అక్కడి జనం నోట విని రాశాడు. జంట ఒక ఏడాదీ ఒక రోజూ కలిసి ఉండేందుకు చేయి కలుపుకునేది. గడువు తీరాక పొసగకపోతే తిరిగొచ్చి, వీపులు ఆనించి నిలబడి, ఒకరు ఉత్తరానికీ ఒకరు దక్షిణానికీ నడిచి వెళ్లిపోతే సరి. ఆ ఒట్టుకు గడువు ఋతుచక్రమే.

ఒట్టు తప్పినవాడి కథ టారాలోనే ఉంది. అయిదో శతాబ్దపు రాజు లీరీ ఆవుల కప్పం కోసం లైన్‌స్టర్ మీదకు పోయి పట్టుబడ్డాడు. మళ్లీ కప్పం అడగనని సూర్యుడి మీద, గాలి మీద, నీటి మీద, నేల మీద ప్రమాణం చేసి బయటపడ్డాడు. విడుదల కాగానే మళ్లీ పశువుల కోసం వెళ్లాడు. ఎండా గాలీ కలిసి అతణ్ని చంపాయి. ఆయుధాలతో, శత్రుదేశం వైపు ముఖం పెట్టి, నిలువునా పూడ్చారంటారు. అతడి పేరున ఉన్న కట్ట ఈ రాయికి దగ్గర్లోనే ఉంది.

లుగ్ కొలుపు ఐర్లండ్‌తో ఆగలేదు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు రోమన్ పేరు లుగ్డూనుమ్. దాన్ని లుగుస్ దేవుడి కోట అని చదువుతారు. క్రీ.పూ. 12లో రోమన్ సేనాని డ్రూసుస్ అక్కడ గాల్ జాతులన్నిటికీ ఒక బలిపీఠం కట్టించి సభ పిలిచాడు. వాళ్ల వార్షిక సభ ఆగస్టు ఒకటిన జరిగేది. స్పెయిన్‌లో పెన్యాల్బా అనే కొండరాతి మీద అతడి పేరు చెక్కి ఉంది.

ఐర్లండ్ క్రైస్తవం పుచ్చుకున్నాక కోతల పండుగ సెయింట్ పాట్రిక్ పేరుకు మారింది. జూలై చివరి ఆదివారం 764 మీటర్ల క్రో పాట్రిక్ కొండను వేలమంది ఎక్కుతారు. కొందరు ఇప్పటికీ వట్టికాళ్లతోనే. ఊళ్లలో ఆ రోజుల్లో కుర్రకారు కొండలెక్కి నీలి బెర్రీలు ఏరుకునేవారు. బంగాళదుంపలు వచ్చాక జూలై నెల ఆకలి నెల అయింది. పాత దుంపలు అయిపోతాయి, కొత్తవి లూనసాకు ముందు తవ్వకూడదు. ఆగి, ఆ రోజున తవ్విన మొదటి దుంపలు ఉడికించుకోవడమే పండుగ. మోయ్రా మెక్‌నీల్ 1962లో ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఇలాంటి కొండలు, చెరువులు, బావులు రెండువందలకు దగ్గరగా నమోదయ్యాయి. లుగ్ పేరు తెలియని రైతులు కూడా అతడి రోజును వదల్లేదన్నమాట.

దేవతలు మాత్రం చిన్నబోయారు. తూహా డే డానన్ దిబ్బల కిందకు దిగి ‘షీ’ అనే మాయాజనం అయ్యారు. వాళ్లవని నమ్మే ముళ్లచెట్ల జోలికి ఇప్పటికీ చాలామంది పోరు. 1999లో క్లేర్ కౌంటీలో అలాంటి చెట్టు ఒకటి కొత్త రోడ్డుకు అడ్డొస్తే, కథకుడు ఎడీ లెనిహన్ పోరాడి కాపాడాడు.

ఈ రాయి 1798 తరవాత చోటు మారింది. ఆ ఏడాది మే 26న బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్లు టారాలో ఓడిపోయారు. వాళ్ల సమాధికి గుర్తుగా దీన్ని ఇప్పుడున్న కట్ట మీదకు తెచ్చారు. 1843 ఆగస్టు 15న జాతీయ నాయకుడు డేనియల్ ఓకానెల్ సభకు లక్షల జనం ఇక్కడికి వచ్చారంటారు. 1899 నుంచి 1902 దాకా కొందరు బైబిల్ మందసం కోసం కొండను తవ్వుతుంటే కవి యేట్స్ లాంటివాళ్లు అడ్డుపడ్డారు.

టారా కథ తెలుగు నేల దాకా కూడా వచ్చింది. టారా రాజు భార్య ఏటేన్‌ను దిబ్బల దేవుడు మీర్ ఎత్తుకుపోయిన కథను ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ 1912లో కావ్యంగా ప్రచురించాడు. 1915లో భారతదేశం వచ్చి, తరవాత మదనపల్లె కళాశాలలో పనిచేశాడు. 1919లో టాగూర్ అక్కడికి వచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చింది కజిన్స్ దంపతులే.

టెల్‌టౌన్ ఆటలను స్వతంత్ర ఐర్లండ్ 1924లో డబ్లిన్‌లో మళ్లీ జరిపింది. 1928లో, 1932లో కూడా జరిగి ఆగిపోయాయి.

దెబ్బలు ఈ కాలంలోనూ తప్పలేదు. 2010లో తెరిచిన ఎం3 రహదారి కొండకు దగ్గరగా పోతుంది. 2012లో ఎవరో ఈ రాయిని సుత్తితో పలుచోట్ల కొట్టారు. 2014లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు పోశారు. రంగులు కడిగారు, పెచ్చులూడిన మచ్చలు ఉన్నాయి.

టెల్‌టౌన్‌లో జరిగింది అంతకన్నా పెద్ద నష్టం. 1997లో అక్కడి ప్రాచీన మట్టికట్టలో కొంత భాగం బుల్డోజర్ కింద పోయింది. మరోవైపు, 2023 నుంచి ఫిబ్రవరి మొదట్లో సెయింట్ బ్రిజిడ్ పేరున కొత్త సెలవు ఉంది. మే, ఆగస్టు సెలవులతో, అక్టోబరు చివర వచ్చే సెలవుతో కలిపితే పాత నాలుగు ఋతు పండుగలకూ ప్రభుత్వ క్యాలెండర్‌లో చోటు దొరికినట్టే. క్యాలెండర్‌కు ఇచ్చిన గౌరవం నేలకూ ఇవ్వాలని ఈ రాయి అడుగుతోంది. టారాకు కాపలా ఉంది, పరిశోధన ఉంది, సందర్శకులున్నారు. జంటలు చేయి కలుపుకున్న టెల్‌టౌన్ కట్టలకు కూడా అదే రక్షణ కావాలి, మిగిలిన భాగమైనా దెబ్బతినకముందే.