సార్టెక్స్ మనవడు

బియ్యం బస్తా మీద 'సార్టెక్స్' అని అచ్చేసి ఉంటుంది, చూసే ఉంటారు. అది మిల్లులో ఉండే ఓ మిషను. గింజలు జారుతుంటే కెమెరాతో చూసి, రంగు తేడాగా ఉన్నదాన్ని గాలితో ఉఫ్‌మని పక్కకి ఊదేస్తుంది. అది వచ్చాకే మా తరం ఆడవాళ్లం చేటల్ని అటకెక్కించాం. అయినా ఎంతైనా మిషను మిషనే, దానికి రంగొక్కటే తెలుసు. మా నాలుగేళ్ల మనవడికి రంగు, వాసన, మెత్తదనం, పైగా నాన్నమ్మ మొహంలో కంగారు కూడా తెలుసు. వెజిటబుల్ రైస్ పళ్లెం కాసేపు వాడి ముందుంచితే చాలు. బీన్స్ ఒక పక్క, క్యారెట్ ఒక పక్క, బఠాణీలు అంచు వెంబడి వరసగా. మధ్యలో తెల్లటి అన్నం, ఏ పాపం ఎరగనట్టు.

"అత్తయ్యా, కాస్త కూరగాయేదైనా పిల్లల కడుపులోకి వెళ్లేలా చూడండి" అని హెల్మెట్ పెట్టుకుంటూ చెప్పి మా కోడలు ఆఫీసుకి వెళ్లిపోతుంది. చెప్పడానికేం, నోరుంటే చాలు. మా చిన్నప్పుడు ఈ సమస్యకి మా అమ్మ రెండే రెండు వంటకాలు వడ్డించేది: "తింటే తిను", "లేకపోతే లే". ఇప్పుడవి చెల్లవు.

మనవరాలికి ఏడేళ్లు. ఆవిడ ఏరదు, ప్రశ్నలేస్తుంది. కూరగాయల అన్నమంటే పీట దగ్గరికే రాదని 'పెళ్లి పలావు' అని పేరు మార్చాను. "పెళ్లెవరిది?" అంది. "ఎవరిదో ఒకరిదిలే, తిను" అంటే, "అయితే ఐస్‌క్రీమేది?" అంది. పిల్లల్ని పెళ్లిళ్లకి తీసుకెళ్లడంలో నష్టాలివి.

అన్నీ మిక్సీలో ముద్ద చేసి కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నాకా దొంగదారి నచ్చదు. ముద్దలో దాచిన క్యారెట్ కడుపులోకి పోతుంది సరే, మర్నాడు ముక్క కనబడితే వాడు మళ్లీ ఏరేస్తాడు. పైగా కొన్ని కూరగాయలకి గుట్టు దాచడం చేతకాదు. బీట్‌రూట్ తురిమి వేస్తే అన్నమంతా రాణీ రంగు. మనవరాలు "పింక్ రైస్!" అని మారు వడ్డించుకుంది. మనవడు పళ్లెంలోకి తేరిపార చూసి, "నాన్నమ్మా, అన్నానికి దెబ్బ తగిలింది" అని దూది తెమ్మన్నాడు. మర్నాడు పొద్దున బాత్రూమ్‌లోంచి మనవరాలి కేక. బీట్‌రూట్ తిన్న కొందరికి ఆ రంగు అలాగే బయటికొస్తుంది, ప్రమాదమేం లేదు. కాకపోతే కోడళ్లకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇక వంట. సోనామసూరి కడిగి అరగంట నానబెట్టాలి. బాస్మతి చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ పొడుగు మెతుకుల మధ్య ముక్క విడిగా నిలబడుతుంది. ఏరేవాడికి సాయం చేసినట్టే. ముక్క మెతుకంతే ఉండాలి. ఎంత సన్నగా తరగాలంటే, మీకు విసుగొచ్చాక ఇంకో పావుగంట తరగండి. ఎన్ని వేయాలన్నదానికి ప్రాథమిక బడుల మధ్యాహ్న భోజనానికి సర్కారు పెట్టిన కొలతే నాకు ఆధారం: బిడ్డకి బియ్యం 100 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు. అంటే బియ్యంలో సగం. ప్రేమ కొద్దీ ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ గుమ్మరిస్తే రైతుబజారవుతుంది గానీ అన్నమవదు.

నెయ్యికి వెనకాడకూడదు. క్యారెట్‌లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. గారం చేస్తున్నానని మా కోడలంటే నేనిచ్చే జవాబు ఇదే. ఉల్లిపాయ ఎర్రగా వేగాక ముక్కలు మగ్గించి, బియ్యం వేసి, గ్లాసుకి గ్లాసున్నర నీళ్లు, రెండు విజిల్స్. లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క మాత్రం పల్చటి గుడ్డలో మూటగట్టి వేసి, దించాక తీసేయాలి. ఒక్క లవంగం పంటికింద పడిందా, నెల్లాళ్లు మన మాటకి విలువుండదు. పచ్చిమిర్చి బదులు చిటికెడు మిరియాలపొడి. నిమ్మకాయ పొయ్యి కట్టేశాకే పిండాలి. ముందే పులుపు తగిలితే బీన్స్, బఠాణీల పచ్చదనం పోయి ఖాకీ రంగుకి తిరుగుతాయి.

ఇంత చేసినా వాడు ఏరడం తగ్గింది గానీ ఆగలేదు. అంతలో పక్కింటావిడ ఫోను. "మీవాడు మా ఇంట్లో క్యాబేజీ అన్నం తిన్నాడండీ, మా పిల్లలతో పోటీపడి!" నాకు సంతోషం, రోషం ఒకేసారి వచ్చాయి. క్యాబేజీ! నేనే భయపడి దాని జోలికి పోలేదు. పోనీ ఆవిడ వంటలో మహిమా అంటే, సగం రోజులు ఉప్పు వేయడం మర్చిపోతుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పళ్లేల్ని వదిలేసి తినేవాళ్లని చూస్తూ కూర్చున్నాను. మనవడు ఓ ముద్ద తిని, తలెత్తి ఎదురుగా చూస్తున్నాడు. ఎదురుగా మావారు. డెబ్భై ఏళ్ల మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు, చూపుడువేలితో క్యాప్సికం ముక్కల్ని ఒక్కొక్కటే పళ్లెం అంచుకి తోస్తున్నారు. పక్కన కరివేపాకు విడిగా పోగు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు, అందుకే ఇన్నాళ్లూ నా కంటికి ఆనలేదు. మిషను తయారైన కార్ఖానా ఇదన్నమాట!

"ఏమండీ, పిల్లాడు చూస్తున్నాడు."

"చూడనీవోయ్, నేనేం చేశాను?"

ఆ పూటే షరతులు పెట్టాను. తాతగారు మారుమాట్లాడకుండా అన్నీ తినాలి. బఠాణీలు మనవరాలే ఒలవాలి. "బలం వస్తుంది" అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, అది వింటే పిల్లలకి ఇది మందని తెలిసిపోతుంది. ఒలిచింది తనే కాబట్టి మనవరాలికి బఠాణీల మీద హక్కొచ్చేసింది, తమ్ముడికి ఎన్ని వేశానో కూడా లెక్క అడుగుతోంది. మనవడు తన పళ్లెంలో ఏరడం దాదాపు మానేశాడు. తీరిక లేదు, తాతయ్య మీద నిఘా ఉద్యోగం దొరికింది.

"తాతయ్యా, క్యాప్సికం తిన్నావా?" అన్నాడు మొన్న.

"ఎప్పుడో తినేశాను నాన్నా."

వాడు కుర్చీ దిగి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, తాతగారి పళ్లెంలో అప్పడం ఎత్తి చూశాడు.